ఇల్లు విడవని భిక్ష

2024 మార్చి నెలాఖరున ఫణిగిరి గుట్ట మీద తవ్వకాలు సాగుతుండగా ఒక మట్టికుండ బయటపడింది. దాని నిండా సీసపు నాణేలు. లెక్కపెడితే 3,730. ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలం నాటివి, అంటే సుమారు 1,700 ఏళ్ల కిందటివి. ఆ కుండ దొరికింది షావుకారు ఇంటి పునాదుల్లో కాదు, బౌద్ధ భిక్షువులు బతికిన ఆరామంలో. వినయ నియమాల ప్రకారం భిక్షువు బంగారం, వెండి ముట్టుకోకూడదు. రొక్కంతో లావాదేవీలు చేయకూడదు. అయినా ఆరామంలో కుండెడు డబ్బు ఉంది.

తిరుమలగిరి మండల కేంద్రం నుంచి ఫణిగిరి ఎంతో దూరం లేదు. మూసీలో కలిసే బిక్కేరు వాగు దగ్గర ఈ గుట్ట. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 దాకా నల్గొండ జిల్లా. చుట్టుపక్కల వర్ధమానుకోట, గాజులబండ కూడా పాత బౌద్ధ స్థలాలే. ఫణిగిరిని నిజాం కాలంలోనే, 1940ల్లో, పురావస్తు శాఖ గుర్తించింది. 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో స్తూపం, చైత్యాలు, విహారపు గదులు, శిల్పాలు వరసగా బయటికొచ్చాయి. ఇక్కడి తోరణపు దూలం 2023లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లింది. అక్కడినుంచి దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు వెళ్లింది. ప్రపంచం ఇంత దూరం నుంచి చూస్తున్నప్పుడు ఆ గుట్ట కింది ఊళ్లకు కూడా జనం రావాలని కోరుకోవడం సహజం. వచ్చినవాళ్లు ఒక పూట తిని, ఒక రాత్రి ఉండి, నాలుగు రూపాయలు ఇచ్చి పోతే వానల మీద, బోర్ల మీద బతికే మెట్ట ఊళ్లకు అదొక ఆదరువు. దీన్నే గ్రామీణ పర్యాటకం అంటున్నారు. ఊరే నడుపుకుంటే సామాజిక పర్యాటకం అంటున్నారు.

అక్కడే ఒక పాత ప్రశ్న అడ్డం వస్తుంది. ఇంటికొచ్చిన మనిషికి పెట్టిన అన్నానికి లెక్క కట్టవచ్చా?

అతిథిని దేవుడిగా చూడమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి చెబుతుంది. చదువు ముగించుకుని ఇంటికి పోతున్న శిష్యుడికి గురువు చేసే ఉపదేశంలో ఆ మాట తల్లి, తండ్రి, గురువుల వెంటే వస్తుంది. ఇప్పుడది హోటళ్ల గోడల మీద, పర్యాటక శాఖల ప్రకటనల మీద రాసి ఉంటుంది. కానీ పల్లెల్లో ఆ విలువను ఉపనిషత్తు చూసి నేర్చుకున్నవాళ్లు తక్కువ. పొద్దుగూకి వచ్చిన బాటసారికి సల్ల, గటక పోయకుండా పంపితే ఇంటికి అరిష్టమని నమ్మిన తరం ఇంకా బతికే ఉంది. తిన్నాక చేతిలో డబ్బు పెడితే ఆ తరంవాళ్లు నొచ్చుకుంటారు. ఆ నొప్పిని చాదస్తమని కొట్టిపారేయడం తప్పు. ఇచ్చిపుచ్చుకోవడంలో అన్నిటికీ ధర ఉండదనీ, కొన్నిటికి ధర కడితే అవి చిన్నబోతాయనీ వాళ్లకు అనుభవంతో తెలుసు. ఆ ఎరుక పోతే ఊరు నష్టపోతుంది.

అయితే ఈ నేలలో ఉచిత ఆతిథ్యానికి ఇంకో చరిత్ర ఉంది. దాని పేరు వెట్టి.

నిజాం పాలనలో దేశ్‌ముఖుల, జాగీర్దార్ల ఊళ్లకు అధికారి వస్తున్నాడంటే ఊరంతా వణికేది. కుమ్మరి కుండలు చేరవేయాలి. గొల్లకురుమలు మేకనో గొర్రెనో తోలుకురావాలి. చాకలి, మంగలి ఇంటిపని వదిలి సేవ చేయాలి. వర్తకుడు సరుకులు ఇవ్వాలి. దళితులు మూటలు మోయాలి, పక్క ఊరికి కబురు పట్టుకుని పరుగెత్తాలి. కూలి లేదు, లెక్క లేదు, కాదనే హక్కు లేదు. వచ్చినవాడు దేవుడో కాదో గానీ పెట్టేవాడు మాత్రం బానిస. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటం ఈ వెట్టి మీదే లేచింది. తిరుమలగిరికి దగ్గరి తుంగతుర్తి ప్రాంతంలోని కర్విరాల కొత్తగూడెం నుంచే మల్లు స్వరాజ్యం, భీమిరెడ్డి నర్సింహారెడ్డి ఆ పోరాటంలోకి వెళ్లారు. గడీలోకి మోసుకెళ్లిన కోళ్లకు, పాలకు, చాకిరికి ధర అడగగలగడమే ఒకప్పుడు ఇక్కడ విముక్తి. అందువల్ల ఈ ప్రాంతంలో అతిథి సత్కారానికి డబ్బు తీసుకోవడం మైల అని ఎవరైనా అంటే, ఆ మాట పెట్టే చేతి వైపు నుంచి వచ్చిందా, తినే నోటి వైపు నుంచి వచ్చిందా అన్నది ముందు చూడాలి. ఇష్టపడి పెట్టిన అన్నం వేరు, భయపడి పెట్టిన అన్నం వేరు. ధర అడిగే స్వేచ్ఛ ఉన్నచోటే ధర వద్దనే ఔదార్యానికి కూడా అర్థం ఉంటుంది.

మళ్లీ ఫణిగిరి కుండ దగ్గరికి వద్దాం. దానం, వ్యాపారం ఒకదానికొకటి గిట్టవని ఆ కాలంవాళ్లు అనుకోలేదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే ఇప్పటి నాగార్జునకొండ. ఆ లోయలో దొరికిన శాసనాలు ఈ సంగతిని బాగా చెబుతాయి. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె దానాల జాబితాలో భిక్షువుల గదులు, మండపం, చెరువు కూడా ఉన్నాయి. శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశం, వంగ, ద్రావిడ దేశాల పేర్లు కనిపిస్తాయి. కృష్ణా తీరంలోని ఒక లోయకు అంత దూరపు లోకాలతో పరిచయం ఉంది. సముద్రపు రేవుల నుంచి సరుకు, సరుకు వెంట మనుషులు, మనుషుల వెంట ధర్మం నడిచేవి. విహారాలు ఆ బాటల మీద విడిదులు కూడా. ఫణిగిరిలోనూ అంతే. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో అక్కడ ధర్మచక్ర స్తంభం నిలబెట్టింది రాజవైద్యుడు.

ఈ దానాలు నిలబడడానికి ఒక ఏర్పాటు ఉండేది. దాన్ని అక్షయనీవి అనేవారు. దాత ఇచ్చిన సొమ్మును ఊళ్లోని వృత్తి శ్రేణుల దగ్గర ఉంచేవారు. అసలు ముట్టరు. దాని మీద వచ్చే వడ్డీతోనే గుడికో విహారానికో కావలసినవి నడుస్తాయి. నాగార్జునకొండ శాసనాల్లో అలా సొమ్ము దాచిన శ్రేణుల్లో తమలపాకులవాళ్లు ఉన్నారు, పిండివంటలు చేసేవాళ్లు ఉన్నారు. యాత్రికుడికి తాంబూలం, తీపి అమ్ముకుని బతికేవాళ్ల చేతిలోనే ధర్మనిధి ఉంది. దాత పుణ్యం కోసం ఇచ్చిన డబ్బు వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి అయింది. వాళ్ల వ్యాపారం విహారంలో దీపం వెలిగించింది. మతం పేరు మీద వచ్చిన సొమ్ము ఊరి చేతివృత్తుల గుండా తిరిగి మతానికి చేరే ఈ దారి 1,700 ఏళ్ల కిందటే తెలిసిన నేల ఇది.

డబ్బు పవిత్రతను చెడగొడుతుందా లేదా అన్నది అసలు చిక్కు కాదు. ఆ డబ్బు ఎవరి ఇంటి ముందు ఆగుతుంది, ఎవరి ఇల్లు దాటి పోతుంది అన్నది చిక్కు. ఇక్కడ బౌద్ధ సంఘపు ఇంకో నియమం కళ్ల ముందు పెట్టుకోవాలి. భిక్షకు బయల్దేరిన భిక్షువు వరసగా ఇల్లిల్లూ తిరగాలి. మంచి కూర వండే ఇంటికి నేరుగా పోకూడదు. పేదింటిని దాటేయకూడదు. దీన్ని కఠినవ్రతాల్లో ఒకటిగా పాళీ గ్రంథాలు లెక్కించాయి. బుద్ధుడు కపిలవస్తుకు తిరిగి వచ్చినప్పుడు ఇలాగే వీధుల్లో ఇల్లిల్లూ భిక్షకు వెళ్లాడు. రాజకుమారుడు బిచ్చమెత్తడమేమిటని తండ్రి శుద్ధోదనుడు సిగ్గుతో చితికిపోయాడు. తన వంశం ఇప్పుడు రాజులది కాదు, బుద్ధులదని బుద్ధుడు బదులిచ్చినట్టు కథ. వేశ్య అయిన ఆమ్రపాలి పిలిస్తే భోజనానికి వెళ్లాడు. అదే రోజుకు లిచ్ఛవి ప్రభువులు పిలిచినా ముందు ఒప్పుకున్న మాట మార్చుకోలేదు. చివరి భోజనం కమ్మరి చుందుడి ఇంట్లో. ఎవరి ఇంట్లో తింటున్నాం అన్నదే పెద్ద విషయమైన సమాజంలో ఈ నడక చాలా పెద్ద మాట.

అతిథి సత్కారం గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర కులం ఊసెత్తరు. ఎత్తక తప్పదు. అతిథి దేవుడే అయితే ఆ దేవుడు ఏ ఇంటి నీళ్లు తాగుతాడు? ఊళ్లో బస ఏర్పాటు చేయమంటే సాధారణంగా ముందుకొచ్చేది పక్కా ఇల్లు, అటాచ్డ్ బాత్‌రూమ్, కారు నిలిపే జాగా ఉన్నవాళ్లు. అవి ఎవరికి ఉంటాయో చెప్పనక్కరలేదు. ఊరి చివరి వాడకు పని దొరికితే అది గిన్నెలు తోమడమో, బట్టలు ఉతకడమో, డప్పు కొట్టి స్వాగతం చెప్పడమో అవుతుంది. అప్పుడు పాత వెట్టి కొత్త బట్టలు తొడుక్కుంటుంది. కూలి ఇస్తారు నిజమే. కానీ అతిథిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి వడ్డించే గౌరవం మాత్రం ఎప్పటి ఇళ్లకే దక్కుతుంది.

ఈ కోణంలో భూదాన్ పోచంపల్లిని చూడాలి. ఈ ప్రాంతంలో గ్రామీణ పర్యాటకానికి అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే పోరాటం సాగుతున్న తెలంగాణ పల్లెల్లోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. దళిత వాడకు వెళ్లి ఏం కావాలని అడిగితే 80 ఎకరాలు చాలన్నారు, 40 తరి, 40 మెట్ట. ప్రభుత్వం నుంచి భూమి ఆలస్యమైతే ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన ఆ సాయంత్రం సభలో అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అక్కడి నుంచి వినోబా దేశమంతా నడిచాడు. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా లెక్కపెట్టి ఆరో వంతు ఇవ్వండని అడిగేవాడు. దయ చూపమని ఆయన ఎన్నడూ అడగలేదు, వాటా అడిగాడు. 5 కోట్ల ఎకరాలు సాధించాలనుకుంటే 40 లక్షల పైచిలుకు వచ్చాయి. వాటిలోనూ చాలా భాగం రాళ్లగుట్టలో, తగాదా భూములో కావడంతో పేదల చేతికి చేరలేదు. ఆ ఉద్యమం ఓడిందా గెలిచిందా అన్న వాదన ఇంకా తెగలేదు. కానీ దానం అంటే పైనుంచి కిందికి జారే జాలి కాదనీ, ఊరి సంపదలో ప్రతి ఇంటికీ ఉన్న వాటాను ఒప్పుకోవడమనీ ఆ సాయంత్రం ఒక ఊరు చూపించింది.

అదే ఊరు 2021 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటైంది. 32 దేశాల నుంచి 44 ఊళ్లకు ఆ గుర్తింపు దక్కింది. వినోబా మందిరం, చెరువు, మగ్గాల వీధులు చూడడానికి హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ వీధుల్లో ఒక ఇంట్లోకి తొంగి చూస్తే పని ఎంత సన్నమైనదో తెలుస్తుంది. ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు పోగును మేకుల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పాలి. దాదాపు 9,000 సార్లు చేయి ఊపాల్సి వచ్చేది. తల్లి భుజం నొప్పి చూడలేకే శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత చిటికి కట్టడం. చెక్క చట్రం మీద బిగించిన నూలు మీద డిజైన్ గుర్తులు గీసి, రంగు అంటకూడదనుకున్న చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలు గట్టిగా చుడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఇదంతా అయ్యాకే మగ్గం. గుంట మగ్గం మీద కూర్చున్న నేతకాడు ప్రతి పోగుకూ అంచు దగ్గర వేలితో సవరించుకుంటేనే బొమ్మ కుదురుతుంది.

ఇంతటి పని మధ్యలో పర్యాటకుల బస్సు వచ్చి ఆగుతుంది. వాళ్లు అడుగుతారు, నేతకాడు పని ఆపి చూపిస్తాడు. ఫోటోలు తీసుకుంటారు. తర్వాత రోడ్డు మీది షోరూమ్‌లో చీర కొంటారు. ఆ పావుగంట నేత నేసినవాడి లెక్కలో పోతుంది, లాభం కొట్టువాడి లెక్కలో చేరుతుంది. పోచంపల్లిలో సహకార సంఘం ఉన్నా చాలామంది నేతకాళ్లు మాస్టర్ వీవర్ల దగ్గర నూలు తీసుకుని కూలికి నేసేవాళ్లే. వాళ్ల మగ్గం చూడడానికి లోకం వస్తుంటే ఆ చూపుకు వాళ్లకు దక్కేదేమిటి? చూపించడం కూడా పనే. దానికి కూలి కట్టడం ఆతిథ్యాన్ని చులకన చేయడం అవదు. ఎదుటివాడి సమయం కూడా తన సమయం లాంటిదేనని అతిథి ఒప్పుకోవడం అవుతుంది. తీర్చలేని రుణం ఒకటి ఎలాగూ మిగులుతుంది, ఆ వేళ్లలో తరాలుగా నిలిచిన నేర్పుకు. దాన్ని ఎవరూ కొనలేరు. తీర్చగలిగిందైనా తీర్చాలి కదా.

భక్తుడికి, పర్యాటకుడికి ఉన్న తేడా ఈ రుణం దగ్గరే. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరకు రెండేళ్లకోసారి లక్షలమంది వస్తారు. నల్లమలలో చైత్ర పౌర్ణమి ముందువెనకల సలేశ్వరం క్షేత్రం తెరుచుకున్నప్పుడు లోయలోకి దిగే జనం చెంచు పూజారుల చేతి మీదుగానే లింగమయ్యను కొలుస్తారు. ఏడాదంతా నగరం పట్టించుకోని చెంచులు ఆ కొద్ది రోజులు దేవుడికీ మనుషులకీ నడుమ నిలబడతారు. జాతరకు వచ్చేవాడు మొక్కు తీర్చుకోవడానికి వస్తాడు. అంటే రుణపడిన మనిషిగా వస్తాడు. ఊళ్లోకి అడుగు పెట్టేటప్పుడే తల వంచుకుని ఉంటాడు. పర్యాటకుడు టికెట్ కొని వస్తాడు, కాబట్టి తనకే ఏదో బాకీ ఉన్నారనే ధీమాతో చుట్టూ చూస్తాడు. ఫణిగిరికి రేపు వచ్చేవాళ్లలో ఈ రెండు రకాలూ ఉంటారు, కొరియా నుంచో శ్రీలంక నుంచో వచ్చే బౌద్ధులూ, వారాంతం కారెక్కి వచ్చే హైదరాబాదీలూ. వచ్చినవాడి మనసు మార్చడం ఊరి చేతిలో లేదు. ఏ ఇంటికి పంపాలన్నది మాత్రం ఉంది.

నేపాల్ స్యాంగ్జా జిల్లాలో సిరుబారి అనే గురుంగుల ఊరు 1997 నుంచి ఈ పని చేసి చూపించింది. అక్కడ అతిథి తనకు నచ్చిన ఇల్లు ఎంచుకోడు. ఊరి కమిటీ వంతుల ప్రకారం ఇల్లు కేటాయిస్తుంది. ఒక ఇంటికి ఒకసారి వచ్చాక మళ్లీ వంతు వచ్చేదాకా ఆగాలి. భిక్షువు నడిచిన వరసనే అది తిరగేసి పట్టుకుంది, ఈసారి ఇల్లిల్లూ తిరిగేది సంపాదన. కేరళ కుమరకంలో 2008 ప్రాంతంలో మొదలైన బాధ్యతాయుత పర్యాటకంలో హోటళ్లు కూరగాయలను కుటుంబశ్రీ పొదుపు సంఘాల మహిళల దగ్గర కొనే ఏర్పాటు చేశారు. రెండూ లోపాల్లేనివని కాదు. కమిటీలోనూ పెత్తందార్లు ఉంటారు, హోటల్‌వాడు బేరమాడతాడు. అయినా వరస రాసిపెట్టి ఉంటే కనీసం దాన్ని ఎవరు తప్పారో చూపించి అడగవచ్చు.

తిరుమలగిరి ప్రాంతానికి ఇలాంటి ఏర్పాటు కొత్తేమీ కాదు. దళిత కుటుంబాలకు సాయం చేసే దళితబంధు పథకాన్ని మండలమంతటా అమలు చేయడానికి 2021లో ఎంపిక చేసిన నాలుగు మండలాల్లో తిరుమలగిరి ఒకటి. కుటుంబానికి 10 లక్షల రూపాయలు, అప్పుగా కాదు. ఆ సొమ్ములోంచి ఒక్కో కుటుంబం తరఫున 10,000 రూపాయలు పక్కకు తీసి, ప్రభుత్వ వాటా కలిపి, కష్టకాలానికి రక్షణ నిధిగా ఉంచాలన్నది ఆ పథకంలోని ఆలోచన. పేరు వేరైనా అక్షయనీవి జాడ అందులో ఉంది. పథకం అమలు మీద విమర్శలు ఎన్నో ఉండవచ్చు. 1951లో పోచంపల్లి వాడ అడిగిన 80 ఎకరాలకూ, 70 ఏళ్ల తర్వాత ఇక్కడి వాడకు చెప్పిన 10 లక్షలకూ నడుమ ఒక బంధుత్వం ఉంది: పెట్టుబడి ముందు చివరి ఇంటికి చేరాలన్న పట్టుదల. ఇక ఊరూరా ఉన్న గ్రామైక్య సంఘాల్లో ఆడవాళ్లు పొదుపు పుస్తకాలు, వడ్డీ లెక్కలు, వంతుల అప్పులు ఎన్నో ఏళ్లుగా నడుపుతున్నారు. తమలపాకుల శ్రేణి చేసిన పని వాళ్లకు బాగా తెలుసు.

ఫణిగిరిలోనో, చుట్టుపక్కల ఇంకే ఊళ్లోనో మొదటి అతిథి దిగడానికి ముందే గ్రామసభలో తేల్చాల్సినవి కొన్ని ఉన్నాయి. వంట ఎవరు చేస్తారు, పూటకు ధర ఎంత, అందులో ఊరి నిధికి పోయేది ఎంత, ఆ నిధి అసలును ఎవరూ ముట్టకుండా ఎవరు కాపలా కాస్తారు. పక్కా గది లేని ఇంటికి గది కట్టుకోవడానికి ఆ నిధి నుంచే అప్పు ఇస్తారా. గుట్ట మీద శిల్పం గురించి చెప్పడానికి బడి పిల్లల్లో ఎవరికి శిక్షణ ఇస్తారు. ఒక ఇంట్లో తిననని అతిథి మొహం చాటేస్తే అతని డబ్బు తిరిగి ఇచ్చి పంపేస్తారా, ఇంకో ఇల్లు చూపిస్తారా. ఈ చివరి ప్రశ్నకు ఊరు ముందే జవాబు రాసుకోవాలి, డబ్బు తిరిగి ఇచ్చేయాలనే రాసుకోవాలి. వంతుల జాబితా రాసేటప్పుడు కలం మొదట వెళ్లాల్సింది బొడ్రాయి దగ్గరి ఇళ్ల మీదికి కాదు. దళిత వాడలో ఆఖరి ఇంటి నంబరు ఒకటో వరసలో ఉండాలి. ఆ ఇల్లాలు వండింది తిన్నాకే మిగతా ఊళ్లోకి బస్సు కదలాలి.